పెదనాన్నకి సింఫనీ వినిపించా, "పల్లవెప్పుడొత్తాదిరా" అన్నాడు

కొత్తపేట_క్లారినెట్
మా పెదనాన్న బ్యాండు మేళంలో క్లారినెట్ అండి. నలభై ఏళ్లు ఊళ్లన్నీ తిరిగి వాయించాడు, ముందు పళ్లు రెండు ఊడిపోయాక ఊదడం తగ్గించాడు గానీ చెవి మాత్రం పాములా ఉంటాది ఇప్పటికీ. ఇళయరాజా అంటే పడి చస్తాడు. మొన్న ఆదివారం భోజనాలయ్యాక అరుగు మీద కూర్చుంటే ఫోన్‌లో లండన్ ప్రోగ్రాం ముక్కలు చూపించా. అదేనండి, 2025 మార్చి 8న ఇవెంటిమ్ అపోలోలో రాయల్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా వాయించిన, ఇళయరాజా రాసిన వాలియంట్ సింఫనీ. ఎవరో జనంలోంచి తీసినవి, సౌండ్ అంత బాలేదు. అయినా ఎనిమిది నిమిషాలు కదలకుండా చూశాడు మనిషి. అయిపోయాక "బిట్టు బాగుందిరా, ఇంతకీ పల్లవెప్పుడొత్తాది?" అన్నాడు.
పల్లవి రాదు పెదనాన్నా, మొత్తం ఇంతే అన్నా. "మరి రానప్పుడు ఇదంతా దేనికోసం వాయించినట్టు?" అన్నాడు.
నా దగ్గర జవాబు లేదండి. పైకి ఆహా ఓహో అంటున్నా గానీ నాకూ లోపల అదే డౌటు. ఎవరన్నా మొత్తం విన్నవాళ్లుంటే చెప్పండి, ఆయనకి అర్థమయ్యేలా ఎలా చెప్పాలి?

భీమవరం_రొయ్య
పల్లవి లేకపోతే ఎలాగండి, పిలిచి విస్తరేసి ఊరగాయలన్నీ వడ్డించి అన్నం పెట్టకుండా లేపేసినట్టు

రాజోలు_కొబ్బరికాయ
@భీమవరం_రొయ్య మీకు తిండి తప్ప ఇంకో పోలిక రాదా అండి

భీమవరం_రొయ్య
రాదండి

తణుకు_ఫిడేలు
కొత్తపేట గారూ, మీ పెదనాన్న అడిగింది సరైన ప్రశ్నే, నవ్వేదేం లేదు. బ్యాండు భాషలోనే చెప్పండి ఆయనకి. పెళ్లి ఊరేగింపులో ఆయన క్లారినెట్ మీద పల్లవి ఎత్తుకుంటారు, పక్కన శాక్సాఫోన్ ఆయన అదే పాటని ఇంకో మెట్టు కింద పట్టుకుంటాడు, ట్రంపెట్ కుర్రాడు లైను లైనుకీ మధ్య ఖాళీలో ఓ ముక్క పెడతాడు, డోలు నడక వేరే. అంటే నలుగురు నాలుగు వాయిస్తుంటే మనకి ఒకటే పాట వినపడతాది. సింఫనీ అంటే అదే పని ఎనభై తొంభై మందితో ముప్పావుగంట పాటు, మాటల్లేకుండా. ఫస్ట్ వయొలిన్లకి ఒకటి, సెకండ్ వయొలిన్లకి ఒకటి, వయోలా, చెల్లో, డబుల్ బేస్, పైన గాలి వాద్యాలు, ప్రతివాళ్లకీ విడిగా కాగితం మీద రాసి ఇస్తారు. ఒక్కళ్లు కూడా సొంతంగా వేసేది ఉండదు.
పల్లవి లేదనుకోకండి, ఉంటాది. పాటలోలాగ తిరిగి తిరిగి అదే ముఖంతో రాదు అంతే. మొదట ఒక చిన్న ముక్క చెప్తారు, దాన్నే తలకిందులు చేసి, సాగదీసి, వేరే శ్రుతిలో పెట్టి, ఒకసారి ఫ్లూటుకిచ్చి ఒకసారి చెల్లోకిచ్చి నడిపిస్తారు. నాలుగు భాగాలు. మామూలుగా మొదటిది జోరు, రెండోది నిదానం, మూడోది కాస్త ఆటలాగ, నాలుగోది మళ్లీ జోరు. పాశ్చాత్య సంగీతంలో హైడన్ కాలం నుంచీ ఉన్న పద్ధతి, ఆయనొక్కడే నూటనాలుగు రాశాడు, బీథోవెన్ తొమ్మిదితో ఆగాడు.

అత్తిలి_బుల్లోడు
నూటనాలుగా! మన రాజాగారు వెయ్యి సినిమాలు దాటేశారు లెండి

కాకినాడ_వీణ
ఫిడేలు గారు చెప్పిందాన్నే ఇంకా దగ్గరగా చెప్పాలంటే రాగం తానం పల్లవి అనుకోవచ్చు కదా. అక్కడా ఒక లైనే తీసుకుని గంట సేపు నడుపుతారు.

తణుకు_ఫిడేలు
@కాకినాడ_వీణ ఒప్పుకోనండి. అక్కడ పాడేవాళ్ల మనోధర్మం, రేపు పాడితే ఇంకోలా ఉంటాది. ఇక్కడ రాసింది రాసినట్టే. ఇంకోటి, మనకి ఒకే గీత, దాన్ని ఎంత అందంగా తిప్పితే అంత. వాళ్లకి గీతలు చాలా, ఒకదాని మీద ఒకటి. రెండూ గొప్పవే, కానీ ఒకటి కాదు.

కాకినాడ_వీణ
మీకు తెలీదని కాదు గానీ, ముప్పై ఏళ్లుగా వీణ నేర్పుతున్నాను, ఆ తేడా నాకూ తెలుసండి. బ్యాండు పెదనాన్నగారికి చెప్పడానికి ఏది తేలిక అనేది కదా ఇక్కడ ప్రశ్న. ఆయన సన్నాయి మేళాల పక్కన నిలబడి పల్లవులు వినే ఉంటారు. 1986లో రాజాగారు హౌ టు నేమ్ ఇట్ అనే ఆల్బమ్ చేసింది మన త్యాగరాజుకీ, జర్మనీ సంగీతకారుడు బాక్‌కీ కలిపి అంకితమిచ్చే కదా, ఆయనకి లేని అడ్డుగోడ మీకెందుకు?

రాజోలు_కొబ్బరికాయ
అమ్మగారు గట్టిగా వేశారు 😀

లండన్లో_లంకోడు
నేను వెళ్లానండి ఆ ప్రోగ్రాంకి. మాది ముమ్మిడివరం అవతల లంక, ఇక్కడికొచ్చి పదకొండేళ్లు. ఆ హాలు హామర్‌స్మిత్‌లో ఉంది, 1932లో కట్టిన పాత సినిమా హాలే అది, లోపలికెళ్తే మన పాత టాకీసుల్లో బాల్కనీ గుర్తొచ్చింది నాకు. నా ముందు వరసలో ఒక తమిళ పెద్దావిడ పట్టుచీర మీద గళ్ల స్వెట్టరు వేసుకుని వచ్చింది, మొదటి నోటు పడక ముందే కళ్లు తుడుచుకుంటోంది. ఆర్కెస్ట్రాని ముందు నిలబడి నడిపించిన కండక్టర్ మికెల్ తోజా.
అసలు సంగతి చప్పట్లు. సింఫనీలో నాలుగు భాగాలూ అయ్యేదాకా చప్పట్లు కొట్టకూడదని రూలంట. మనవాళ్లు ఊరుకుంటారా? మొదటి మూవ్‌మెంట్ అవగానే హాలు దద్దరిల్లిపోయింది. వాయించేవాళ్లు ఒకళ్ల ముఖాలు ఒకళ్లు చూసుకున్నారు. తర్వాత చెన్నైలో దిగినప్పుడు రాజాగారే ఈ సంగతి మురిసిపోతూ చెప్పారు విలేకర్లకి. నేనూ కొట్టాను, అబద్ధమెందుకు. పక్కన ఉన్న తెల్లాయన నన్ను చూసి చూసి మూడో భాగానికి ఆయన కూడా మొదలెట్టాడు.

అత్తిలి_బుల్లోడు
మీరు ఈల వేశారా లేదా అది చెప్పండి

లండన్లో_లంకోడు
వేళ్లు నోటి దాకా వెళ్లాయి, మా ఆవిడ గిల్లింది

భీమవరం_రొయ్య
లంకోడు గారు ఉన్నదున్నట్టు చెప్పండి, మొత్తం నచ్చిందా

లండన్లో_లంకోడు
మొత్తం ఎక్కలేదండి. నిదానంగా సాగే భాగంలో తీగ వాద్యాలన్నీ ఒక్కసారి తగ్గిపోయి ఒక చిన్న లైను వినపడినప్పుడు చేతుల మీద రోమాలు లేచాయి. జోరు భాగాల్లో కొన్నిచోట్ల ఏం జరుగుతోందో అందలేదు, గోల గోలగా అనిపించింది. రెండోసారి వింటే తెలుస్తాదేమో. అందులో సినిమా వాసన ఉండకూడదని ఆయన పట్టు పట్టినట్టు తెలుస్తానే ఉంటాది.

కొవ్వూరు_రేవు
లండన్ లండన్ అంటున్నారు, అదే 2025 మేలో రాయల్ ఆల్బర్ట్ హాల్లో ఆర్ ఆర్ ఆర్ తెరమీద ఆడుతుంటే కింద ఆర్కెస్ట్రా లైవ్‌గా వాయించింది, దాని ఊసే లేదేంటండి. 2019 అక్టోబరులో బాహుబలికీ అక్కడే అలాగే చేశారు. మన కీరవాణి గారు మా కొవ్వూరులో పుట్టిన మనిషి, 1961 జులై 4. ఆస్కారు, గోల్డెన్ గ్లోబ్, పద్మశ్రీ మూడూ 2023లోనే. ఇక్కడి మట్టిలోంచి వెళ్లిన ఆయన్ని వదిలేసి తమిళనాడు పన్నైపురంలో పుట్టిన ఇళయరాజా కోసం కొట్టుకుంటారా గోదారోళ్లు

రాజోలు_కొబ్బరికాయ
వచ్చేశాడండి కొవ్వూరు ప్రతినిధి. అన్నట్టు 2022 నుంచి మీరు తూర్పు గోదావరి జిల్లానే కదా, ఇక పశ్చిమ వాళ్లు కీరవాణిని వదిలేసుకున్నట్టేనా

అత్తిలి_బుల్లోడు
వదలం. పుట్టినప్పుడు పశ్చిమే.

కొవ్వూరు_రేవు
జిల్లాలు మారతాయి గానీ రేవు ఎక్కడికీ పోదు

తణుకు_ఫిడేలు
@కొవ్వూరు_రేవు కీరవాణి గారంటే నాకూ ఇష్టమే కానీ ఈ రెండూ వేరే పనులండి. అక్కడ సినిమా ముందే ఉంది, బొమ్మ నడిచే వేగానికి సెకనుతో సహా కట్టుబడి వాయించాలి. అదీ చిన్న విషయం కాదు, కండక్టర్‌కి చెమటలు పడతాయి. కానీ వినేవాడికి కథ పట్టుకోవడానికి తెర ఉంది. వాలియంట్‌కి తెరా లేదు మాటా లేదు, పట్టుకోడానికి ఏమీ లేదు. మన పెదనాన్నగారి ఇబ్బంది అదే.

కొవ్వూరు_రేవు
అది ఒప్పుకుంటా. కానీ జనం దగ్గరికి వెళ్లే దారి ఏది? 2025 మార్చి 22న హైదరాబాదులో కీరవాణి గారి కచేరీకి మా బావమరిది వెళ్లొచ్చాడు, వారం రోజులు అదే మాట. ఇప్పుడు వారణాసి సినిమా చేస్తున్నారు, 2025 నవంబరు 15న రామోజీ ఫిల్మ్ సిటీలో టైటిల్ చెప్పిన రోజు మా వీధి కుర్రాళ్లు ఒక్కళ్లు పడుకోలేదు. సింఫనీకి అలా ఎవడన్నా మేలుకున్నాడా మన దగ్గర?

భీమవరం_రొయ్య
నేను మేలుకున్నా. నవ్వకండి. చెరువు మీద కాపలా ఉన్నా, పంట మూడో నెల, రాత్రి ఒంటిగంట, ఏరేటర్లు తిరుగుతున్నాయి, ఆ చప్పుడులో పక్కోడి మాట కూడా వినపడదు మీకు తెలుసు కదా. చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఇందాక వీణ గారు చెప్పిన హౌ టు నేమ్ ఇట్ వింటున్నా, వింటున్నానంటే ఏదో మోగుతోంది అంతే. ఠపీమని కరెంటు పోయింది. ఏరేటర్లన్నీ ఆగిపోయాయి. కుర్రాడు జనరేటర్ దగ్గరికి పరిగెత్తాడు, ఆక్సిజన్ పడిపోతే రొయ్య తేలిపోద్ది కదా, నేనూ పరిగెత్తాలి. కానీ ఆ రెండు నిమిషాలు నిలబడిపోయా అండి గట్టు మీద. రెండు వయొలిన్లు ఒకదాన్నొకటి తరుముకుంటున్నాయి, అంతకుముందు యాభైసార్లు విన్నా అందులో రెండు ఉన్నాయని నాకు తెలీదు. జనరేటర్ స్టార్టయింది, మళ్లీ హోరు, మళ్లీ ఒకటే వయొలిన్.

కాకినాడ_వీణ
ఏమండీ రొయ్యగారూ, తిండి పోలికలు తప్ప రావన్నారుగా

భీమవరం_రొయ్య
రొయ్యలు కూడా తిండే కదండి

ఆర్కెస్ట్రా_బుజ్జి
నేను ఇరవై ఏళ్ల నుంచి జాతరలకీ పెళ్లిళ్లకీ కీబోర్డ్ వాయిస్తున్నా. అందరూ ఎనభై మంది తొంభై మంది అంటుంటే కడుపు మండుతోంది. మా సెట్టులో ఒకప్పుడు పదకొండు మందిమి, ఇద్దరు వయొలిన్లు, ఫ్లూటు, బేస్ గిటారు, తబలా, డోలక్, కాంగో. ఇప్పుడు నేనూ, ప్యాడ్స్ కుర్రాడూ, ఇద్దరు సింగర్లూ. మిగతాదంతా ముందే రికార్డు చేసిన ట్రాక్. కమిటీవాళ్లు పది మందికి డబ్బులివ్వం నలుగురితో కానిచ్చెయ్ అంటారు. మొన్నొక ఊరి కమిటీ అయితే ఆ నలుగురి డబ్బుల్లో కూడా సగమే ఇచ్చి మిగతాది సంక్రాంతికి అంది, ఏ సంక్రాంతికో చెప్పలేదు. రాజాగారి పాట కీబోర్డ్ మీద వాయిస్తే ఎంత మోసమో నాకు తెలుసు, వయొలిన్ల గుంపు టోన్ నొక్కితే అన్ని గీతలూ కలిసి ఒక ముద్ద వస్తాది. అందుకే ఆ లండన్ వీడియోలో ఒక్కో విల్లు ఒక్కోలా కదులుతుంటే పాట సంగతి వదిలేసి విల్లులే చూశా.

కొత్తపేట_క్లారినెట్
బుజ్జన్నా మా పెదనాన్నదీ ఇదే బాధ. డీజే వచ్చాక వాళ్ల సెట్టులో సగం మంది ఆటోలు తోలుతున్నారు.

అత్తిలి_బుల్లోడు
బుజ్జి గారూ రాజాగారి పాటలు స్టేజీ మీద పాడితే నోటీసు రాదా మీకు? 2017లో అమెరికా టూర్లో ఉన్న బాలు గారికే పంపించారు కదా. ఆ రోజు నుంచి నాకు ఆయన మీద మనసు విరిగిపోయింది, ఎంత సింఫనీ రాసినా.

ఆర్కెస్ట్రా_బుజ్జి
మాకు నోటీసా! మా అడ్రస్సు మాకే సరిగా తెలీదు

పాలకొల్లు_వకీలు
పెళ్లి సంగతి వేరు. కాపీరైట్ చట్టం సెక్షన్ 52లోనే మినహాయింపు ఉంది, మతపరమైన వేడుకలకీ, పెళ్లి ఊరేగింపుకీ, పెళ్లికి సంబంధించిన వేడుకలకీ పాట వాడుకుంటే ఉల్లంఘన కిందకి రాదు. టిక్కెట్టు పెట్టి చేసే కచేరీ అలా కాదు, దానికి లైసెన్సు కావాలి. బాలు గారి విషయంలో అడిగింది ఆ టిక్కెట్టు కచేరీల గురించే. పద్ధతి బాధపెట్టి ఉండొచ్చు, అడగడం తప్పు కాదు.

అత్తిలి_బుల్లోడు
చట్టం ప్రకారం తప్పు కాదు సార్. స్నేహం ప్రకారం చెప్తున్నా.

కాకినాడ_వీణ
ఈ గొడవ మొదలైతే రెండొందల పోస్టులు అవుతాయి, వదిలెయ్యండి బాబూ. వాళ్లిద్దరూ తర్వాత కలిసిపోయారు కూడా.

రాజోలు_కొబ్బరికాయ
సింఫనీ రాసిన మొట్టమొదటి భారతీయుడు ఈయనే అని మా వాట్సాప్ గ్రూపులో తిరుగుతోంది, నిజమేనా

తణుకు_ఫిడేలు
కాదు. పండిట్ రవిశంకర్ సింఫనీ 2010లో లండన్ ఫిల్హార్మోనిక్ వాయించింది, అప్పటికి ఆయనకి తొంభై. అసలు రాజాగారికే ఇది మొదటిది కాదు, 1993లో ఒకటి రాశారు, ఇదే రాయల్ ఫిల్హార్మోనిక్‌తో కండక్టర్ జాన్ స్కాట్ రికార్డు చేశారు, అది బయటికి రాలేదు. 2005లో తిరువాసగం బుడాపెస్ట్ ఆర్కెస్ట్రాతో చేశారు, అది సింఫనీ కాదు, గాత్రం ఉంటాది. తేడా ఏంటంటే రవిశంకర్ గారిది సితార్ చుట్టూ నడుస్తాది, స్వరాలు కాగితం మీద పెట్టడానికి కండక్టర్ డేవిడ్ మర్ఫీ సాయం ఉంది. ఈయన స్కోరు ఈయనే రాసుకుంటారు. మద్రాసులో పాశ్చాత్య సంగీతం నేర్పిన ధన్‌రాజ్ మాస్టర్ దగ్గర కూర్చుని నేర్చుకున్న విద్య అది.

అత్తిలి_బుల్లోడు
ముప్పై రెండేళ్లు ఆగారంటే మొండిమనిషే

కాకినాడ_వీణ
మొండితనం కాకపోతే 82వ ఏట ఎవరు కూర్చుంటారు దీనికి. చెన్నైలో దిగగానే ఇది ఆరంభమే అన్నారు, పదమూడు దేశాల్లో వాయిస్తామన్నారు. డౌన్‌లోడ్ చేసుకుని వినొద్దు, ఎదురుగా కూర్చుని వినాలి అని కూడా అన్నారు. 2025 దీపావళి పూట ఇంకో కొత్త సింఫనీ రాస్తున్నానని ప్రకటించారు.

కొత్తపేట_క్లారినెట్
ఎదురుగా కూర్చుని వినాలంటే మా పెదనాన్నని ఎక్కడికి తీసుకెళ్లాలండి. 2025 సెప్టెంబరు 13న చెన్నై నెహ్రూ స్టేడియంలో తమిళనాడు ప్రభుత్వం సన్మానం చేసినప్పుడు వెళ్దాం పదరా అంటే, నాకు రైల్లో నడుం పట్టేత్తాది అన్నాడు.

కొవ్వూరు_రేవు
రాజమండ్రిలో పెట్టమనండి. పుష్కరాల రేవు దగ్గర, వెనకాల గోదారి. మేం వంతెన దాటి నడిచొచ్చేస్తాం.

లండన్లో_లంకోడు
ఆ వంతెన మీద గూడ్సు బండి వెళ్తే రెండో భాగం మొత్తం పోతాది

ఆర్కెస్ట్రా_బుజ్జి
పోదు, శ్రుతి సరిపోయిందంటే రాజాగారు దాన్ని కూడా రాసేసుకుంటారు

కొవ్వూరు_రేవు
అన్నట్టు ఎవరూ చెప్పలేదు, 2025లోనే షష్టిపూర్తి సినిమాలో రాజాగారి ట్యూనుకి మా కీరవాణి గారు పాట రాశారు. ఆస్కారు వచ్చాక కూడా కాగితం కలం పట్టుకుని ఆయన ట్యూను కింద కూర్చున్నారు చూడండి.

తణుకు_ఫిడేలు
ఇప్పుడు మీరు మా పార్టీలోకి వచ్చేసినట్టేనా

కొవ్వూరు_రేవు
ఒక కాలు రేవులోనే ఉంది

కొత్తపేట_క్లారినెట్
ఇవాళ మళ్లీ చూపించానండి, ఫిడేలు గారు రాసింది చదివి వినిపించి మరీ. ఈసారి ఫోన్ కాకుండా మా చెల్లి ల్యాప్‌టాప్‌లో, బుజ్జన్న చెప్పినట్టు విల్లులు చూడు పెదనాన్నా అన్నా. ఆయన విల్లులు చూడలేదు. వెనక వరసలో క్లారినెట్ పట్టుకున్న మనిషిని కనిపెట్టాడు, ఇంక చూపు తిప్పలేదు. ఆ మనిషేమో చాలాసేపు ఊరికే కూర్చున్నాడు, ఒళ్లో క్లారినెట్ పెట్టుకుని. పెదనాన్న వేళ్ల మీద ఏదో లెక్కెడుతున్నాడు. ఏంటంటే తాళం లెక్కెడుతున్నాడంట, వాడెప్పుడు ఎత్తుకుంటాడో చూద్దామని. ఎత్తుకునేసరికి "ఆ, ఇప్పుడు!" అని తొడ మీద కొట్టాడు. ఓ నాలుగు ముక్కలు ఊది మళ్లీ ఒళ్లో పెట్టేసుకున్నాడు ఆయన.
పల్లవి గురించి అడగలేదండి ఈసారి. "అంతసేపు ఊరికే కూర్చున్నందుక్కూడా ఆడికి డబ్బులిత్తారేంట్రా?" అన్నాడు.

ఆర్కెస్ట్రా_బుజ్జి
ఇస్తారు పెదనాన్నా, అక్కడ కమిటీ వేరు

భీమవరం_రొయ్య
😂😂 సంక్రాంతికి కాకుండా అప్పుడే ఇస్తారు

కొత్తపేట_క్లారినెట్
ఇంకో విషయం. సాయంత్రం అటక మీంచి పెట్టె దింపించాడు. ఊదే చోట ఉండే రీడు, అదే సన్న పుల్ల, ఎండిపోయి చీలిపోయింది. క్లారినెట్ రీడు రాజమండ్రిలో దొరుకుద్దా, ఆన్‌లైన్‌లోనే పెట్టాలా? రెండున్నర నంబరు అంటున్నాడు.

తణుకు_ఫిడేలు
ఆన్‌లైన్లో పెట్టండి, పెట్టె మొత్తం కొంటే చవక. కానీ రెండో నంబరు తీసుకోండి, పళ్లు లేవన్నారుగా, రెండున్నర అయితే గట్టిగా ఉండి గాలి పట్టదు.

కొత్తపేట_క్లారినెట్
ఆ మాట ఆయనతో నేను చెప్పలేనండి, రెండున్నరే పెడతా